నీళ్ల చిలుక

పైపులు అతికించే జిగురుకు ఒక వాసన ఉంటుంది. ప్లంబర్లు దాన్ని సొల్యూషన్ అంటారు. ఘాటుగా, కొంచెం తియ్యగా, ముక్కులోంచి నేరుగా నుదుటి వెనక్కి ఎక్కే వాసన. పోయిన సోమవారం పొద్దున మా బాత్రూంలోంచి ఆ వాసన వంటింట్లోకి వచ్చినప్పుడు, పాపకు అన్నం కలుపుతున్న నా చెయ్యి గిన్నెలోనే ఆగిపోయింది. లోపల నల్లా మారుస్తున్న ప్లంబర్ ఏదో కూనిరాగం తీస్తున్నాడు. నాకు మాత్రం మా బాపు సూట్‌కేసు తెరిచినట్టయింది.

మేం కరీంనగర్‌లో ఒక ఇంటి పై పోర్షన్‌లో అద్దెకుంటాం. మేం అంటే నేనూ, రెండున్నరేళ్ల మా పాపా. పాప వాళ్ల నాన్న ఆదిలాబాద్‌లో పత్తి జిన్నింగ్ మిల్లులో పనిచేస్తాడు. పత్తి వచ్చే నెలల్లో రెండు వారాలకొక ఆదివారం వస్తాడు, సోమవారం తెల్లారకముందే పోతాడు. చొక్కా మడతల్లోంచి రాలిన పత్తి పీచు మాత్రం ఇంట్లో ఇంకో వారం తిరుగుతుంటుంది. మిగతా రోజుల్లో నాకు తోడు నా భయాలే. బకెట్లో నీళ్లుంటే పాప తొంగి చూస్తుందని అన్ని బకెట్లూ బోర్లించి పెడతాను. గీజరు బంద్ చేశానో లేదోనని మూడుసార్లు లేచి చూస్తాను. ఎర్ర చుక్క ఉన్న నల్లా పాప చేతికి అందకుండా దానికి గుడ్డ చుట్టి ఉంచాను.

కింద ఇంటి ఓనరు రాజవ్వ ఒక్కతే ఉంటుంది. ఆమెకూ నాకూ ఉన్న మాటలన్నీ ఒక మోటరు మీద నడుస్తాయి. బకెట్లలో నీళ్లు నిలవ ఉంచను కాబట్టి ట్యాంకు ఎప్పుడూ నిండుగా ఉండాలని రోజూ పొద్దున్నే మోటరు వేస్తాను, వేసి మరిచిపోతాను. ట్యాంకు పొంగి, నీళ్లు సజ్జ మీంచి ఆమె బంతి మొక్కల మీద పడి, వాకిలి దాటి రోడ్డెక్కుతాయి. అప్పుడు రాజవ్వ నడుం మీద చెయ్యి పెట్టుకుని పైకి చూస్తుంది.

"ఓ బిడ్డా, మోటర్ బంద్ చెయ్యి. సడక్ తానం చేస్తున్నది."

ఒకరోజు ఇంకో మాట కూడా అంది. "గిట్లనే ఇడిసిపెట్టుకుంట పో, నీ పేరు మీద ఒక చెర్వు రాసిస్తరు మున్సిపాలిటోళ్లు."

ఆ సిగ్గుతోనే, ట్యాంకు నిండగానే మోటరు దానంతట అదే ఆగిపోయే స్విచ్చు పెట్టించాలనుకున్నాను. నల్లా పని అయ్యాక ఆ సంగతి అడిగితే ప్లంబర్, "దానికి బజారుకు పోయి రావాలె చెల్లె, ఇయ్యాల కాదు" అన్నాడు. మా దగ్గర ఒకటుంది గానీ అది ఖరాబైందని చెప్పి, మంచం కింది నుంచి బాపు రేకుపెట్టె లాగాను. బాపు పోయి మూడేళ్లయింది. మా వైపు నాన్నను బాపు అన్నట్టే అమ్మను అవ్వ అంటాం. ఊళ్లోని అవ్వ ఆ పెట్టెను, "నాకెందుకే, నీ దగ్గర ఉండనియ్" అని నాకిచ్చింది. అందులో పెద్ద పానా, హ్యాక్సా బ్లేళ్లు, తెల్లదారం ఉండలు, చిలుము పట్టని ఒక ఇత్తడి నల్లా, అడుగున ప్లాస్టిక్ కాగితంలో చుట్టిన బూడిదరంగు స్విచ్చు, దానికి మడిచి కట్టిన పొడుగాటి వైరు ఉన్నాయి.

ప్లంబర్ దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. "పాత మాల్. మస్తు గట్టిది. చూసొస్త ఆగు" అని డాబా మీదికి పోయాడు. నేను పెట్టె ముందు కూర్చున్నాను. పాప పానాను పాపాయిలా ఒళ్లో పడుకోబెట్టుకుని జో కొడుతోంది.

మాది హుజూరాబాద్ దగ్గర చిన్న ఊరు. మా ఊరివాళ్లు ఏ దేశం పోయినా దుబాయ్ పోయినట్టే లెక్క. మా బాపు ఉన్నది నిజానికి మస్కట్‌లో. పెద్ద పెద్ద బిల్డింగుల్లో నల్లాలు బిగించే పని. సెలవును మా వైపు చుట్టీ అంటారు. రెండేళ్లకోసారి చుట్టీ మీద వచ్చినప్పుడు అందరి నాయనలూ పూల దుప్పట్లు, టేపు రికార్డర్లు, ఊరంతా గుప్పుమనే సెంట్లు, గొలుసులు తెచ్చేవాళ్లు. మా బాపు సూట్‌కేసు తెరిస్తే మొదట ఆ సొల్యూషన్ వాసన వచ్చేది, తర్వాత తువ్వాళ్లలో చుట్టిన నల్లాలు బయటపడేవి. బంగారంలా మెరిసేవి, వెండిలా మెరిసేవి, కొంగ మెడలా వంగినవి. బిల్డింగులో పని అయ్యాక మిగిలినవి, డబ్బా చినిగిందని పక్కన పెట్టినవి, సూపర్‌వైజర్‌ను అడిగి తెచ్చుకునేవాడట.

"అందరు బంగారం తెస్తే నీ పెనిమిటి ఇత్తడి తెచ్చిండు" అని చుట్టుపక్కల ఆడవాళ్లు మా అవ్వను ఆట పట్టించేవాళ్లు. వాళ్లు అన్నదాంట్లో తప్పేమీ లేదు. మా ఇంట్లో నల్లాలున్నాయి, పైపు లేదు. ఇంటి వెనక చేదబావి, బావి పక్కన నీళ్లు నింపే గోలెం, తడకలు కట్టిన తానాల గది. అంతే.

నేను రెండో తరగతికి రాకముందు వచ్చిన చుట్టీలో బాపు ఆ తడకలు తీసేసి ఇటుకలతో చిన్న గది కట్టి, సున్నం వేసి, గోడకు ఒక నల్లా బిగించాడు. దానికి రెండు పిడులు. ఒకదాని మీద ఎర్ర చుక్క, H అక్షరం. ఇంకోదాని మీద నీలం చుక్క, C అక్షరం. వెనక గోడే తప్ప ఏమీ లేదు. అప్పుడప్పుడే ఇంగ్లీషు అక్షరాలు నేర్చుకుంటున్న మా వాడకట్టు పిల్లలందరం దాని ముందు గొంతుక్కూర్చుని చాలాసేపు ఆలోచించాం. H అంటే హుజూరాబాద్ అని తేల్చాం. బస్టాండులో బోర్డు మీద అట్లాగే మొదలవుతుంది మరి. C అంటే చెర్వు. ఒకటి తిప్పితే హుజూరాబాద్ నీళ్లు, ఒకటి తిప్పితే చెరువు నీళ్లు. మేం వంతులవారీగా తిప్పాం. గాలి కూడా రాలేదు. ఆ సంగతి విని బాపు కళ్లలో నీళ్లు వచ్చేదాకా నవ్వి, "హుజూరాబాద్ నుంచి గూడ తెస్త బిడ్డా, జర ఆగు" అన్నాడు. ఎర్ర చుక్కలోంచి వేడినీళ్లు రావాలని ఆయన చెప్తే అవ్వ నమ్మలేదు. "ఎండకాలం బావి నీళ్లే కాగినట్టుంటయి. ఇంకా ఎర్రది దేనికి?" అంది.

మా అవ్వ బీడీలు చేసేది. ఒళ్లో చాట, చాటలో కత్తిరించిన తునికాకు, ఒక మూల తంబాకు. మాట్లాడుతున్నా, పొయ్యి మీద కూర ఉడుకుతున్నా, బయట వాన పడుతున్నా, ఆమె వేళ్లు మాత్రం ఆకును చుట్టి, దారం కట్టి, కొనను మడిచి పక్కన పెడుతూనే ఉండేవి. ఆ వేళ్ల నుంచి తంబాకు వాసన ఎప్పుడూ పోయేది కాదు. నాకు ముద్దలు పెట్టేముందు ఆమె బూడిదతో ఒకసారి, సబ్బుతో ఒకసారి తోముకునేది. అయినా ఆ చేత్తో చెంబు ముట్టుకుంటే చెంబుకు, చేంతాడు ముట్టుకుంటే చేంతాడుకు ఆ వాసన అంటుకునేది. బావిలోంచి నీళ్లు చేది చేది ఆమె అరచేతుల్లో రెండు గట్టి గీతలు పడ్డాయి. నేను నిద్రపోయేముందు వాటి మీద వేలుతో నడిచేదాన్ని.

నా మూడో తరగతిలో బాపు వానలు పడుతుండగా వచ్చి, బతుకమ్మ పండుగ దాటి దసరా దాకా ఉన్నాడు. నా చిన్నతనంలో ఆయన అంత ఎక్కువ రోజులు ఇంట్లో ఉన్నది అప్పుడే. మనిషికి కుదురు లేదు. పొద్దున చాయ్ తాగి గ్లాసు కింద పెట్టకముందే ఇంటివెనక చేరి ఏదో ఒకటి కొలుస్తుండేవాడు. మొదట బావికి చేతిపంపు బిగించాడు. పంపు నుంచి తెల్ల పైపు తానాల గది కప్పు మీద పెట్టిన నీలం డ్రమ్ముకు ఎక్కించాడు. పైపు ముక్కలకు సొల్యూషన్ రాసి అతికించి, ఆరేదాకా నన్ను పట్టుకోమనేవాడు. నేను ఊపిరి బిగబట్టి, కదిలితే ఇల్లంతా కూలిపోతుందన్నంత జాగ్రత్తగా పట్టుకునేదాన్ని. చివరికి ఒక మధ్యాహ్నం నీలం చుక్క పిడి తిప్పితే నల్లా రెండుసార్లు దగ్గి, మూడోసారి నీళ్లు కక్కింది. పిల్లలందరూ చెరువు నీళ్లు, చెరువు నీళ్లు అని గెంతారు. ఎర్రది తిప్పినా అవే నీళ్లు వచ్చాయి. హుజూరాబాద్ నీళ్లు కూడా అట్లాగే ఉంటాయన్నమాట అనుకున్నాం.

ఆ తర్వాత ఆయన ఆగలేదు. పాలపొడి డబ్బాకు మేకుతో బొక్కలు కొట్టి షవర్ చేశాడు. దాని కింద నిలబడితే వాన కన్నా సన్నగా, చక్కిలిగింతలు పెట్టినట్టు నీళ్లు పడేవి. సబ్బులోకి సీసా మూత గుచ్చి, గోడకు అయస్కాంతం బిగించి, సబ్బును గాలిలో వేలాడదీశాడు. అది చూడటానికి పక్క వాడ నుంచి కూడా మనుషులు వచ్చి, ముట్టుకుని, వెనక దారం ఉందేమోనని వెతికి పోయారు. స్నానం చేసిన నీళ్లు కాలువ తిరిగి బొప్పాయి చెట్టుకూ కనకాంబరాలకూ పోయేవి. అన్నిటికన్నా గొప్పది అవ్వ కోసం చేసిన కాలి నల్లా. పాత సైకిల్ బ్రేకు వైరు ఒక కొన నల్లాకు, ఇంకో కొన నేల మీది చెక్కపలకకు కట్టాడు. పలక మీద కాలు పెడితే నీళ్లు, తీస్తే బంద్. తంబాకు చేత్తో దేన్నీ ముట్టుకునే పనిలేదు. అవ్వ మొదటిసారి కాలు పెట్టి, నీళ్లు పడగానే ఉలిక్కిపడి కాలు తీసి, మళ్లీ పెట్టి, మళ్లీ తీసి, చిన్నపిల్లలా అట్లాగే ఆడింది. ఆ రాత్రి నాకు పెట్టిన ముద్దలో పప్పు వాసన తప్ప ఇంకేమీ లేదు.

సద్దుల బతుకమ్మ నాడు గునుగు పూలకు రంగులు అద్దిన ఆడవాళ్లందరూ గులాబీ, పచ్చ చేతులతో మా ఇంటివెనక వరుస కట్టారు. కాలు పెట్టడం, నవ్వడం, కడుక్కోవడం. కాలువలో రంగురంగుల నీళ్లు బొప్పాయి చెట్టు దాకా పారాయి. మలీద ముద్దలు, నువ్వుల పొడి, తంగేడు పూల పుప్పొడి, తడి మట్టి, అన్నీ కలిసిన ఆ సాయంత్రపు వాసన నాకు మళ్లీ ఎక్కడా దొరకలేదు.

చిలుకను చేసింది ఆ పండుగకు ముందే. డ్రమ్ములో నీళ్లెన్ని ఉన్నాయో తెలుసుకోవడానికి అవ్వ నిచ్చెనెక్కవలసి వస్తోందని బాపు ఒక ఉపాయం ఆలోచించాడు. డ్రమ్ములో ఒక ఖాళీ నూనె డబ్బాను తేలనిచ్చి, దానికి తాడు కట్టి, తాడును చిన్న గిరక మీదుగా బయటికి తెచ్చి, కొనకు చెక్కతో చెక్కిన చిలుకను వేలాడదీశాడు. ఆకుపచ్చ రంగు, ఎర్ర ముక్కు, సున్నం గోడ మీద అది పైకీ కిందికీ జారుతుంది. డ్రమ్ము సగమైతే చిలుక ఎక్కడుంటుందో అక్కడ గోడ నడుమ ఒక గీత గీశాడు. నీళ్లు తగ్గితే లోపల డబ్బా దిగుతుంది, బయట చిలుక పైకి పోతుంది. నీళ్లు నిండితే చిలుక కిందికి వస్తుంది. ఇది ఎవరికీ ఒక పట్టాన అర్థం కాలేదు. చిలుక పైకి పోతే మంచిదే కదా అని అందరం అనుకున్నాం.

బాపు నన్ను ఎత్తుకుని చూపించాడు. "గిట్ల యాదుంచుకో బిడ్డా. నీళ్లుంటే చిలుక కింద కూసుంటది. నీళ్లు లేకుంటే ఎగిరిపోతది."

గోడకు ఆనుకుని చూస్తున్న పక్కింటామె వెంటనే అందుకుంది. "నీళ్లు లేకుంటే ఎగిరిపోతదా? అచ్చం మీ ఆయన లెక్కనే ఉన్నది గదవ్వా."

అందరూ నవ్వారు. బాపు కూడా నవ్వాడు. అవ్వ చాటలోకి వంగి ఆకులు సర్దుకుంది.

దసరా దాటిన నాలుగో రోజు బాపు వెళ్లిపోయాడు. అప్పటి నుంచి శుక్రవారాలు మాకు ముఖ్యమయ్యాయి. మస్కట్‌లో శుక్రవారం సెలవు. మధ్యాహ్నం రేషన్ డీలర్ ఇంటికి ఫోన్ చేసేవాడు. అవ్వ ఆరోజు బీడీల చాట ముట్టుకోకుండా, చేతులు మూడుసార్లు తోముకుని, ఉతికిన చీర కట్టుకుని, నా చెయ్యి పట్టుకుని పోయేది. డీలర్ ఇంట్లో ఫోన్ మీద అల్లిన గుడ్డ కప్పి ఉండేది. పరాయి ఇంట్లో, డీలర్ భార్య వింటుండగా అవ్వ ఏం మాట్లాడుతుంది? "తిన్నవా, పానం మంచిగున్నదా, మేం మంచిగున్నం." అంతే. రిసీవర్ నాకిచ్చి, కళ్లు తుడుచుకోవడానికి బయట అరుగు మీదికి పోయేది. మిగిలిన ఒక్క నిమిషం నాది. బాపు ఎప్పుడూ ఒకటే అడిగేవాడు.

"చిలుక ఏడుంది బిడ్డా?"

"కిందనే ఉన్నది బాపూ."

"అయితే నాకు ఫికర్ లేదు."

ఫోన్ పెట్టేసేవాడు. నాకు ఆ మాట ఇష్టంగా ఉండేది. కొన్నాళ్లకు అదే మాట మీద కోపం వచ్చింది. ఫికర్ లేనివాడు ఇంటికెందుకొస్తాడు?

నాలుగో తరగతి అయిపోయిన ఎండాకాలం సెలవుల్లో నాతో తొక్కుడుబిళ్ల ఆడే పిల్ల వాళ్ల నాయన అనుకోకుండా దుబాయ్ నుంచి దిగాడు. వాళ్ల నాయనమ్మకు పానం బాగాలేదని తెలిసి వారం రోజుల్లోనే వచ్చాడట. ఆ పిల్ల కొత్త గౌను వేసుకుని, నాయన భుజమ్మీద కూర్చుని, దర్వాజాలు తగలకుండా తల వంచుకుంటూ తిరిగింది. నేను వాళ్లింటి గోడ పక్కన బిళ్ల చేత పట్టుకుని నిలబడి చూశాను. ఫికరైతే వస్తారని అట్లా నాకు తెలిసింది.

ఆ తర్వాత వచ్చిన శుక్రవారం బాపు అడిగాడు. "చిలుక ఏడుంది బిడ్డా?"

"పైనున్నది."

ఫోన్‌లో కాసేపు ఏదో హోరు తప్ప ఏమీ వినిపించలేదు.

"పైనంటే? నడుమ గీత దాటిందా?"

"మొత్తం పైనున్నది బాపూ."

"బావిల నీళ్లు లెవ్వా?"

"ఉన్నయి."

"మల్ల పంపు కొడుతలేదా మీ అవ్వ? నడుం నొస్తున్నదా?"

"ఏమో బాపూ."

ఆ 'ఏమో' నేను ముందుగా అనుకున్నది కాదు. దానంతట అదే వచ్చింది. వచ్చాక దాని బలం నాకు తెలిసింది. తర్వాతి శుక్రవారం ఆయన ముందు అవ్వను అడిగాడు కాబోలు, "నాకేమైంది, మంచిగున్న" అని ఆమె అంటుంటే విన్నాను. ఆమె జ్వరంతో మంచం మీద ఉన్నా అదే అనేది, ఆ సంగతి ఆయనకూ తెలుసు. నా వంతు రాగానే చిలుక పైనున్నదని మళ్లీ చెప్పాను. అట్లా నాలుగు శుక్రవారాలు చెప్పాను. ఇంటికొచ్చి చూస్తే చిలుక కిందనే, సున్నం గోడ మీద నింపాదిగా కూర్చుని, ఎర్ర ముక్కుతో నన్ను చూస్తుండేది. నేను దాని వైపు వీపు పెట్టి పంపు కొట్టేదాన్ని.

వానలు మొదలయ్యాక, ఒక పొద్దున పక్క ఊరి మల్లయ్య మామ ఆటోలో మా ఇంటి ముందు దిగాడు. ఆయనా మస్కట్‌లోనే పనిచేస్తాడు, చుట్టీ మీద వచ్చాడు. ఆటోలోంచి తాళ్లతో కట్టిన పెద్ద అట్టపెట్టె దించాడు. దాని మీద బాపు రాతలో మా ఊరి పేరు. నేను పెట్టెను చూడలేదు. ఆటో వెనక నుంచి ఇంకెవరైనా దిగుతారేమోనని చూశాను, ఆటో పోయాక సందు చివరి దాకా పరుగెత్తి చూసి వచ్చాను. నేను తిరిగొచ్చేసరికి మల్లయ్య మామ మంచం మీద కూర్చుని చెప్తున్నాడు.

"ఈసారి చుట్టీ ఇడిసిపెట్టిండు అక్కా. గా పైసలతోని గీ మోటర్ కొన్నడు. నీళ్లు నిండితే దానంతల అదే బంద్ అయితది. పంపు కొట్టుడు బంద్ కావాలె, ఆమెకు నడుం పోతున్నది అన్నడు."

"నా నడుముకేమైంది?" అంది అవ్వ. "ఎవలు చెప్పిండ్రు?"

"నాకేమెర్క. మనిషి మాత్రం మస్తు పరేషాన్ల ఉండె."

"దసరాకు రాడా మరి?"

"మల్ల ఏడాదికే."

అవ్వ నా వైపు చూడలేదు. చూసి ఉంటే అప్పుడే చెప్పేసేదాన్నేమో. నేను ఇంటివెనక్కి పోయి, కాలి నల్లా పలక మీద నిలబడి, నీళ్లు పోతున్నా పట్టించుకోకుండా చాలాసేపు చేతులు కడుక్కున్నాను. బాపును రప్పించాలని చెప్పిన అబద్ధం ఆయన్ను ఇంకో ఏడాది అక్కడే ఉంచింది. ఆ లెక్క నా ఒక్కదానికే తెలుసు. అది మోయడానికి నా వయసు చాలేది కాదు. అయినా మోశాను.

హుజూరాబాద్ నుంచి ఒక మనిషి వచ్చి మోటరు బిగించి, బూడిదరంగు స్విచ్చును డ్రమ్ములో వేలాడదీశాడు. ఇక నీళ్లు తగ్గేవి కావు. కొంచెం తగ్గితే మోటరు గుర్రుమని లేచేది, నిండగానే టక్కుమని ఆగేది. పంపు చేతికి అవ్వ బట్టలారేసే తాడు కట్టింది. చిలుక కదలడం మానేసింది. దాని రెక్కకూ గోడకూ మధ్య సాలీడు గూడు కట్టింది. శుక్రవారాల్లో బాపు అడిగే మాట కూడా మారింది.

"మోటర్ మంచిగ నడుస్తున్నదా?"

"నడుస్తున్నది."

తర్వాత ఏం మాట్లాడాలో ఆయనకూ తెలిసేది కాదు, నాకూ తెలిసేది కాదు. ఇద్దరం కాసేపు ఆ హోరు విని పెట్టేసేవాళ్లం.

ఆయన మళ్లీ వచ్చేసరికి నేను ఆరో తరగతి. చెంపల దగ్గర నెరిసింది, కళ్లద్దాలు వచ్చాయి. వచ్చిన సాయంత్రమే తువ్వాలు భుజాన వేసుకుని ఇంటివెనక్కి పోయి చిలుక ముందు నిలబడ్డాడు. పైకీ కిందికీ జారిన ఆ రోజుల్లో చిలుక తన ఆకుపచ్చ రంగును కొంచెం కొంచెంగా సున్నానికి రాసింది. కింది నుంచి నడుమ గీత దాకా గోడ మీద పచ్చటి చార. నడుమ గీతకు పైన సున్నం తెల్లగా, వేసిన రోజు ఎట్లా ఉందో అట్లాగే ఉంది. బాపు బొటనవేలిని కింది నుంచి ఆ చార మీదుగా మెల్లగా పైకి జరిపాడు. చార ఆగినచోట వేలు ఆగింది. తిరిగి నన్ను చూశాడు. నేను గచ్చకాయలు ఆడుతున్నాను. ఎగరేసిన గింజను పట్టుకోవడం మరిచిపోయాను.

"సున్నం మంచిగనే ఆగింది" అన్నాడు.

రెండు రోజుల తర్వాత నిచ్చెనెక్కి ఆ బూడిదరంగు స్విచ్చును విప్పి కిందికి తెచ్చాడు.

"గదెందుకు ఇప్పినవ్? మంచిగనే నడుస్తుండె గదా" అంది అవ్వ.

"ఖరాబైంది."

"నిన్నటిదాంక..."

"ఖరాబైందంటున్న గదనే." స్విచ్చును ప్లాస్టిక్ కాగితంలో చుట్టి, వైరు మడిచి కట్టి రేకుపెట్టెలో పెట్టాడు. తర్వాత నన్ను పిలిచి బ్రష్షు చేతికిచ్చాడు. "ఇగ మోటర్ నువ్వే వెయ్యాలె, నువ్వే బంద్ చెయ్యాలె. చిలుకను చూసుకుంట ఉండు. దా, దీనికి మల్ల రంగేద్దాం." ఇద్దరం దాని సాలీడు గూడు దులిపి, రెక్కలకు పచ్చ రంగు, ముక్కుకు ఎర్ర రంగు వేశాం. ముక్కు నేనే వేశాను. రంగు కొంచెం గడ్డం మీదికి కారింది.

ఆయన వెళ్లాక మొదటి శుక్రవారం ఫోన్ మోగింది. "చిలుక ఏడుంది బిడ్డా?"

అప్పటి నుంచి నేను ఒక్కసారి కూడా పైనుందని చెప్పలేదు. ఏడో తరగతి ఎండాకాలంలో బావి అడుగున బురద తేలి, మోటరు ఊరికే అరిచి ఆగిపోయి, చిలుక వెళ్లి గిరకకు తల ఆనించుకుని వేలాడుతున్న రోజుల్లో, నేనూ అవ్వా పక్క వీధి నుంచి బిందెలు మోసుకొస్తూ కూడా, కిందనే ఉన్నది బాపూ అనే చెప్పాను. ఆయన "మంచిది" అనేవాడు. నేను డిగ్రీకి కరీంనగర్ వచ్చిన ఏడాది ఆయన పూర్తిగా తిరిగొచ్చాడు. మేమిద్దరం ఎన్నో సాయంత్రాలు ఒకే మంచం మీద కూర్చున్నాం. చెప్పాలని చాలాసార్లు గొంతు దాకా వచ్చింది. ఇన్నేళ్ల తర్వాత ఆయన మనసు ఎందుకు నొప్పించడమని మింగేశాను. తర్వాత ఒక మధ్యాహ్నం, ఎవరికీ ఏమీ చెప్పకుండా, నిద్రలోనే పోయాడు.

ప్లంబర్ డాబా మెట్లు దిగి వచ్చాడు. చేతులు తడిగా ఉన్నాయి.

"చెల్లె, గిది ఖరాబైందని ఎవలన్నరు?"

"మా బాపు."

"మంచిగనే ఉన్నది. నీళ్లు నిండంగనే టక్కున బంద్ అయ్యింది. మూడుసార్లు చూసి అట్లనే బిగించిన. ఇప్పి ఎన్నేండ్లాయె?"

"ఇరవై ఏళ్లకు దగ్గర."

"ఇప్పినోడు ఎవలో గని పనోడు. వైరు కొసలకు టేపు గూడ చుట్టిండు." ఆయన నవ్వాడు. "ఖరాబైనదానికి ఎవలన్న టేపు చుడ్తరా?"

నేను పాప చేతిలోంచి పానా తీసుకుని పెట్టెలో పెట్టాను. మూత వెయ్యడానికి కొంచెం సమయం పట్టింది. ఎవరికి చెప్పాలి? అవ్వకు ఫోన్ చేసి చెప్పాలంటే ముందు నా అబద్ధం చెప్పాలి. పాప వాళ్ల నాన్న సాయంత్రం ఫోన్ చేశాడు. వెనక మిల్లు చప్పుడు. "ప్లంబర్ వచ్చిండా? అయ్యిందా పని?" అన్నాడు. అయ్యిందన్నాను. తిన్నవా, పాప పడుకుందా అన్నాడు. తిన్నాను, పడుకుంది అన్నాను.

స్విచ్చు చాలా బాగా పనిచేసింది. మంగళవారం, బుధవారం, గురువారం ట్యాంకు నిండగానే మోటరు ఆగిపోయింది. సజ్జ మీంచి ఒక్క చుక్క పడలేదు, రోడ్డు పొడిగా ఉంది. గురువారం పొద్దున పాప గ్రిల్లు పట్టుకుని కిందికి చూస్తూ చాలాసేపు నిలబడింది.

"అమ్మమ్మ మోటర్ అనలే" అంది.

నేనూ చూశాను. రాజవ్వ తన గడప మీద కూర్చుని ఉంది. బంతి మొక్కల వైపు చూసి, ఒకసారి పైకి చూసి, మళ్లీ కిందికి చూసుకుంది. ఆ మూడు రోజుల్లో పగలు మా ఇంటి వైపు ముఖం ఎత్తి నన్ను పిలిచిన మనిషి ఒక్కరూ లేరని అప్పుడు లెక్కకొచ్చింది.

ఊళ్లో ఆ బావి ఇప్పుడు పూడిపోయింది. స్లాబు ఇల్లు కట్టినప్పుడు సున్నం గోడ కూలగొట్టారు. కాలి నల్లా పలక పొయ్యిలోకి పోయిందని అవ్వ చెప్పింది. డీలర్ ఇంటి ఫోన్ లేదు, శుక్రవారానికి ప్రత్యేకత లేదు. గునుగు పూలకు రంగులద్దే ఆడవాళ్లు ఎవరి ఇంట్లో వాళ్లు కడుక్కుంటారు. చిలుక ఏమైందో ఎవరికీ తెలియదు. నేను చాలామందిని అడిగాను. చెక్క చిలుకా, ఏ చిలుక, అన్నారు.

శుక్రవారం పొద్దున పాపను చంకనేసుకుని డాబా ఎక్కి, ఆ స్విచ్చును విప్పి తెచ్చాను. మోటరు వేశాను. ఈసారి మరిచిపోలేదు. కిటికీ పక్కన నిలబడి, సజ్జ మీంచి నీళ్లు బంతి మొక్కల మీద పడేదాకా చూస్తూనే ఉన్నాను.

"ఓ బిడ్డా, మల్ల మొదలుపెట్టినవా?" రాజవ్వ వాకిట్లోకొచ్చి నడుం మీద చెయ్యి పెట్టుకుంది. "ఆటోమేటిక్ పెట్టిచ్చిన అంటివి గదా. ఏమాయె దానికి?"

నేను మోటరు బంద్ చేసి గ్రిల్లు దగ్గరికి వచ్చాను. "ఖరాబైంది రాజవ్వా."

"గంతే గీ కొత్తయన్ని" అంది ఆమె, చీర కుచ్చిళ్లు ఎత్తుకుని నీళ్లలోంచి నడుస్తూ. పాప కిందికి చెయ్యి ఊపింది.

వైరు కొసలకు నేనూ టేపు చుట్టిన సంగతి ఆమెకు చెప్పలేదు.